సంస్థను గీసింది ఎవరు? కుర్చీ దక్కింది ఎవరికి?

(వరంగల్‌లో మహిళా సంఘాల కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే స్త్రీలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేనేజ్‌మెంట్ అనే మాట వినగానే మనలో చాలామందికి అది మన విషయం కాదనిపిస్తుంది. అది కంపెనీల వ్యవహారం, టై కట్టుకున్న మగవాళ్ల వ్యవహారం, పెద్ద హోటళ్లలో జరిగే శిక్షణల వ్యవహారం అనుకుంటాం. కానీ గత ముప్పై ఏళ్లుగా మన సంఘాల్లోకి, మన ఆఫీసుల్లోకి వచ్చిన ఫార్మాట్లు, గ్రేడింగులు, లక్ష్యాల పట్టికలు, పనితీరు మదింపులు ఏ దారిన వచ్చాయి? సంఘంలో ఎంతమంది ఉండాలి, సమావేశం ఎన్నిసార్లు జరగాలి, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి, కార్యకర్త పని బాగుందో లేదో ఎవరు తేల్చాలి - ఇవన్నీ సంస్థల నిర్మాణ శాస్త్రం అడిగే ప్రశ్నలే. మనం ఆ శాస్త్రాన్ని పట్టించుకోకపోయినా అది మనల్ని పట్టించుకుంటూనే ఉంది.

అందుకని ఈ రోజు ఒక వేరే కోణం నుంచి మాట్లాడదామనుకుంటున్నాను. ఈ శాస్త్రంలో పండితులు ఎలా తయారవుతారు? వాళ్ల విద్యా జీవితం ఏ మెట్ల మీదుగా నడుస్తుంది? ఆ మెట్ల మీద స్త్రీలు ఎక్కడ కనిపిస్తారు, ఎక్కడ మాయమవుతారు? ఒక సంస్థ నమూనాను ఎవరి అనుభవం మీద గీస్తే అది వాళ్లకే సరిపోతుంది. కాబట్టి గీసేవాళ్లు ఎవరన్నది మన హక్కులకు సంబంధించిన ప్రశ్న.

కథ మన తెలుగు నేల మీదే మొదలవుతుంది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ బృందం, హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ మొదలుపెట్టింది. ఆ సంస్థను అప్పట్లో ‘సియెట్’ అనేవాళ్లు. మనిషి వ్యాపారంలో ముందుకు పోవడానికి డబ్బూ కులమూ మాత్రమే కారణం కాదు, ‘సాధించాలి’ అనే తపన ఉండాలి, ఆ తపనను పెద్దవయసులో కూడా నేర్పవచ్చు అన్నది మెక్లెలాండ్ వాదన. దాన్ని ‘సాధన ప్రేరణ’ అన్నారు. వ్యాపారుల చేత బొమ్మలు చూపించి కథలు చెప్పించారు, ఆటలు ఆడించారు, ఎవరి లక్ష్యాలు వాళ్లనే రాసుకోమన్నారు. శిక్షణ పొందని వ్యాపారులతో పోల్చి చూసి, పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారనీ, ఎక్కువ గంటలు పనిచేశారనీ, ఎక్కువమందికి పని ఇచ్చారనీ తేల్చారు. 1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి రాసిన పుస్తకం వచ్చింది. మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులు ఇప్పటికీ ‘కాకినాడ ప్రయోగం’ గురించి చదువుతారు.

ఈ ప్రయోగంలో మెచ్చుకోవాల్సిన అంశం ఒకటుంది. సంప్రదాయం, కులం, పంచెకట్టు లాంటివి అభివృద్ధికి అడ్డం అని పాశ్చాత్య పండితులు చాలామంది అంటున్న రోజుల్లో, అవేవీ ఈ వ్యాపారులకు అడ్డం రాలేదని అది చూపించింది. కానీ శిక్షణ నడిచింది మగ వ్యాపారుల కోసం. వాళ్లు ‘ఎక్కువ గంటలు పనిచేశారు’ అని లెక్క కట్టారు గదా, ఆ గంటలు ఎక్కడినుంచి వచ్చాయి? పొద్దున్నే దుకాణానికి పోయి రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చే మనిషికి అన్నం వండి పెట్టింది ఎవరు, పిల్లల్ని చూసుకున్నది ఎవరు, ఇంట్లో ముసలివాళ్లకు మందులిచ్చింది ఎవరు? ఆ పనికి పట్టికలో గడి లేదు. వ్యాపారి తపనను కొలిచారు గానీ, ఆ తపన నిలబడటానికి కింద నడుస్తున్న శ్రమను కొలవలేదు.

ఇది కాకినాడలో జరిగిన పొరపాటు కాదు. సాధన ప్రేరణ మీద అమెరికాలో జరిగిన తొలి పరిశోధనల్లోనే స్త్రీల ఫలితాలు పురుషుల ఫలితాలతో కలవలేదు. అలా ఎందుకు జరిగిందని ఆగి ఆలోచించడానికి బదులు స్త్రీలను పక్కన పెట్టి, పురుషుల ఫలితాలనే ‘మనిషి’ ఫలితాలుగా రాసుకుంటూ పోయారు. 1968లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసిన మెటీనా హోర్నర్ ఈ ఖాళీని పట్టుకున్నారు. వైద్య కళాశాలలో తరగతి మొత్తంలో మొదటి స్థానంలో నిలిచిన ఒక అమ్మాయి గురించి కథ రాయమని ఆమె విద్యార్థినుల్ని అడిగారు. మూడింట రెండు వంతుల మంది ఆ అమ్మాయికి ఏదో చెడు జరుగుతుందని రాశారు. ఒంటరిదవుతుంది, పెళ్లి కాదు, అందరూ ద్వేషిస్తారు. విద్యార్థులకు అదే స్థానంలో ఉన్న అబ్బాయి గురించి రాయమంటే అలాంటి కథ రాసినవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు. హోర్నర్ దీన్ని ‘విజయమంటే భయం’ అన్నారు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆమెతో వాదించారు. అది ఆడపిల్లల మనసులోని భయం కాదు, గెలిచిన ఆడదాని నుంచి లోకం ఏ మూల్యం వసూలు చేస్తుందో వాళ్లకు తెలిసి ఉండటం అన్నారు. నాకు ఆ రెండో మాటే సబబుగా తోస్తుంది. లోపం స్త్రీలో ఉందా, సంస్థలో ఉందా? జవాబును బట్టి మన పని మారుతుంది. మొదటిదైతే మనకు ‘ఆత్మవిశ్వాస శిక్షణ’ ఇస్తారు. రెండోదైతే సంస్థను మార్చమని మనం అడుగుతాం.

ఇప్పుడు ఒక తెలుగు పండితుడి గురించి చెప్తాను. టి.వి. రావు అని ప్రసిద్ధులైన వెంకటేశ్వరరావు గారు. 1973లో అహ్మదాబాద్‌లోని భారతీయ మేనేజ్‌మెంట్ సంస్థలో, అంటే ఐఐఎంలో, ఆచార్య వర్గంలో చేరారు. 1974-75 కాలంలో ఉదయ్ పరీక్ అనే మరో ఆచార్యుడితో కలిసి లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకి ఒక పద్ధతి రూపొందించారు. ఉద్యోగుల పనితీరు మదింపు, శిక్షణ, సలహా, ఉద్యోగంలో ఎదుగుదల - వీటన్నిటినీ ఒకచోట చేర్చి ‘మానవ వనరుల అభివృద్ధి’ అనే ప్రత్యేక విభాగం ఉండాలని సూచించారు. మన దేశంలో ఆ పేరుతో వచ్చిన తొలి విభాగం అదే. వాళ్లిద్దరూ కలిసి రాసిన పుస్తకం 1981లో వచ్చింది. మానవ వనరుల వ్యవస్థలను ఎలా రూపొందించాలి, ఎలా నడపాలి అన్నదే దాని విషయం. 1983లో రావు గారు జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో లార్సెన్ అండ్ టూబ్రో పేరున ఏర్పడిన ఆచార్య పీఠానికి వెళ్లారు. 1985లో ఏర్పడిన జాతీయ మానవ వనరుల నెట్‌వర్క్‌కు తొలి అధ్యక్షులయ్యారు.

అదే 1985లో కేంద్ర ప్రభుత్వం విద్యాశాఖ పేరును మానవ వనరుల అభివృద్ధి శాఖగా మార్చింది. ఆ పేరుతో తొలి మంత్రి మన వరంగల్ జిల్లాలో పుట్టిన పి.వి. నరసింహారావు గారు. 2020లో మళ్లీ విద్యాశాఖ అన్నారు. మధ్యలో ఉన్న 35 ఏళ్లూ దేశంలో బడికి పోయే ప్రతి బిడ్డా ప్రభుత్వ కాగితాల్లో ఒక ‘వనరు’. కంపెనీ మాట ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చూడండి.

రావు గారి జీవితాన్ని చెప్పింది ఆయన మీద ఫిర్యాదుగా కాదు. ఒక విద్యా జీవితం ఎలా కట్టబడుతుందో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఒక విశ్వవిద్యాలయం, కలిసి పనిచేసే ఒక సీనియర్, తలుపు తెరిచిన ఒక కంపెనీ, ఆ పని నుంచి ఒక పుస్తకం, ఆ పుస్తకం నుంచి ఒక పీఠం, ఆ పీఠం నుంచి ఒక సంఘం. ఒక మెట్టు ఇంకో మెట్టును మోస్తుంది. మధ్యలో ఒక్క మెట్టు లేకపోయినా పైవన్నీ ఆగిపోతాయి. ప్రతిభ ఉండాలి, శ్రమ ఉండాలి, కాదనను. కానీ ఊరు మారగలగాలి. కంపెనీ గేటు లోపలికి వెళ్లి, అధికారులతో కూర్చుని మాట్లాడగలగాలి. రాత్రుళ్లు రాసుకోగలగాలి. 1970లలో ఈ దేశంలో ఇవన్నీ ఎంతమంది స్త్రీలకు సాధ్యం?

ఇంకో మాట కూడా చెప్పాలి. పరీక్, రావుల మదింపు పద్ధతిలో ఉద్యోగి తన పనిని తానే ముందు అంచనా వేసుకుంటాడు. తర్వాత పై అధికారి కూర్చుని మాట్లాడతాడు. ఏం కష్టమొచ్చింది, ఏం సాయం కావాలి అని అడుగుతాడు. ఆ సంభాషణే దానికి గుండెకాయ. అదే పద్ధతి కంపెనీ నుంచి ప్రభుత్వ పథకానికి, పథకం నుంచి స్వచ్ఛంద సంస్థకు, అక్కడినుంచి ఊరి సంఘానికి దిగి వచ్చేసరికి సంభాషణ రాలిపోయింది. మార్కుల గడి మాత్రం మిగిలింది. అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను, సంఘం బుక్‌కీపర్‌ను ‘నీకేం సాయం కావాలమ్మా’ అని అడిగిన మదింపు కాగితం మీలో ఎవరైనా చూశారా?

ఇక అదే అహ్మదాబాద్ సంస్థలో రావు గారి కంటే ముందు పనిచేసిన ఒక స్త్రీ గురించి. ఆమె పేరు కమలా చౌదరి. 1920లో పుట్టారు. చిన్న వయసులోనే భర్తను కోల్పోయారు. ఆ రోజుల్లో అలాంటి స్త్రీకి కుటుంబాలు చూపించే దారి మనకు తెలుసు. ఆమె చదువు దారి పట్టారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో సామాజిక మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేశారు. నాయకులకు తమ బృందంలోని మనుషుల అభిప్రాయాలు మిగతావాళ్ల కంటే బాగా తెలుస్తాయా అన్నది తన గురువు థియోడర్ న్యూకోంబ్‌తో కలిసి ఆమె 1952లో ప్రచురించిన పరిశోధన విషయం. మన సంఘాలకు కూడా పనికొచ్చే ప్రశ్నే అది.

తిరిగి వచ్చాక అహ్మదాబాద్‌లో విక్రమ్ సారాభాయ్ స్థాపించిన బట్టల పరిశ్రమ పరిశోధన సంస్థ ‘అటిరా’లో మనస్తత్వ విభాగానికి నాయకత్వం వహించారు. మిల్లుల్లో షెడ్లకు వెళ్లి, కార్మికుల పని ఎలా నడుస్తుందో, సూపర్‌వైజర్లకూ వాళ్లకూ మధ్య ఏం జరుగుతుందో పరిశోధించారు. ఆజంజాహీ మిల్లు చూసిన పెద్దవాళ్లకు ఆ షెడ్లు ఎలా ఉంటాయో తెలుసు. పైనుంచి కిందిదాకా మగవాళ్ల లోకం. అందులోకి ఒక యువతి నోటు పుస్తకంతో వెళ్లి ప్రశ్నలడగడం ఎంత కష్టమో క్షేత్ర పరిశోధన చేసిన ప్రతి స్త్రీకీ తెలుసు.

1961 చివర అహ్మదాబాద్ ఐఐఎం ఏర్పడింది. సారాభాయ్ గౌరవ డైరెక్టరు. ఆయనకు ఇంకా ఎన్నో బాధ్యతలు. ఆచార్య వర్గంలో తొలి వ్యక్తుల్లో ఒకరైన కమలా చౌదరి కార్యక్రమాల సమన్వయకర్త. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌తో సహకారం, అధ్యాపకుల ఎంపిక, తొలి శిక్షణలు - కొత్త సంస్థను నిలబెట్టే రోజువారీ పనిలో ఆమె చెయ్యి ఉంది. మీకు తెలిసిన మాటల్లో చెప్పాలంటే కుర్చీలో పేరు ఒకరిది, పరుగు ఇంకొకరిది. అటువైపు హార్వర్డ్‌లో ఏం నడుస్తోందో కూడా గుర్తుంచుకోండి. ఆ బిజినెస్ స్కూల్ రెండేళ్ల ఎంబీఏలో మొదటి ఏడాది నుంచే స్త్రీలను చేర్చుకోవడం 1963లో గానీ మొదలుకాలేదు. అప్పుడు చేరింది ఎనిమిది మంది.

1965లో ఐఐఎంకు పూర్తికాలపు డైరెక్టరును నియమించే సమయం వచ్చింది. ఆ కుర్చీ కమలా చౌదరికి రాలేదు. రవి మత్తయ్ గారికి వచ్చింది. ఆయనకు అప్పుడు 38 ఏళ్లు. ఆమె కంటే చిన్న. డాక్టరేట్ లేదు. స్వతంత్ర భారతంలో ఆర్థిక మంత్రిగా చేసిన జాన్ మత్తయ్ కుమారుడు. ఆయన మంచి డైరెక్టరు కాదని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు. 1972లో పదవిని తనంతట తాను వదిలి మామూలు ఆచార్యుడిగా కొనసాగిన అరుదైన మనిషి ఆయన. కానీ నా ప్రశ్న ఆయన యోగ్యత గురించి కాదు. మిషిగన్ డాక్టరేట్, మిల్లుల్లో పుష్కరం పైబడిన పరిశోధన, నాలుగేళ్లు సంస్థను నిలబెట్టిన అనుభవం - ఇవన్నీ ఒక పురుషుడికి ఉండి ఉంటే ఆ కుర్చీకి ఆయన పేరు ‘సహజం’ అనేవాళ్లు కారా? 1961 నుంచి లెక్కపెట్టండి, ఆ సంస్థకు ఇప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా డైరెక్టరు కాలేదు. ఒక మనిషికి జరిగినదాన్ని అదృష్టమో దురదృష్టమో అనుకోవచ్చు. అరవై ఏళ్లకు పైగా జరుగుతున్నదాన్ని అలా అనలేం.

కమలా చౌదరి ఆగిపోలేదు. 1970లో సంస్థల్లో మార్పు గురించి ఆమె పుస్తకం వచ్చింది. తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్‌లో సలహాదారుగా పనిచేశారు. 1980లలో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలికి అధ్యక్షురాలయ్యారు. కట్టెల కోసం, నీళ్ల కోసం మైళ్లు నడిచే పల్లె స్త్రీల సమస్య దాకా ఆమె పని విస్తరించింది. 2006లో కన్నుమూశారు. ఆమె గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది ఆమె పరిశోధనను పక్కన పెట్టి ఆమె వ్యక్తిగత జీవితం గురించి రాశారు. పురుష పండితుడి జీవితం రాసేటప్పుడు మొదటి పేజీలో ఆయన సిద్ధాంతం ఉంటుంది. స్త్రీ జీవితం రాసేటప్పుడు మొదటి పేజీలో ఆమె ఎవరికి ఏమవుతుందో ఉంటుంది.

ఇది ఒక్క మేనేజ్‌మెంట్ సంస్థల సంగతేనా? కాదు. ఉన్నత విద్యపై కేంద్ర ప్రభుత్వం చేసిన 2020-21 సర్వే ప్రకారం మన కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ప్రతి 100 మంది పురుష అధ్యాపకులకు 75 మంది మహిళా అధ్యాపకులు ఉన్నారు. ఇది చూసి సంతోషించవచ్చు. కానీ అందరూ ఒకే మెట్టు మీద లేరు. తాత్కాలిక అధ్యాపకుల గదిలోకి వెళ్లి చూడండి, తర్వాత పాలక మండలి సమావేశం ఫొటో చూడండి. తేడా కళ్లకే తెలుస్తుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. డాక్టరేట్ అయ్యాక ఒక విద్యాసంస్థలో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. నా పరిశోధన గురించి ఒక ప్రశ్న అడిగారు. తర్వాత మూడు ప్రశ్నలు - మీ ఆయన ఏ ఊళ్లో చేస్తారు, పిల్లలెంతమంది, చిన్నపిల్లతో క్షేత్ర పర్యటనలు ఎలా చేస్తారు. బయట నా తర్వాత వంతు కోసం కూర్చున్న అబ్బాయికి నా కూతురు వయసు పిల్లే ఉంది. అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఉద్యోగం అతనికి వచ్చింది. అతను చెడ్డవాడు కాదు, తర్వాత స్నేహితుడయ్యాడు కూడా. కానీ అతను లోపలికి తండ్రిగా వెళ్లలేదు, పండితుడిగా వెళ్లాడు. నేను మాత్రం తల్లిగానే వెళ్లాల్సి వచ్చింది.

అమెరికా స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త జోన్ ఏకర్ 1990లో ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పారు. సంస్థలు ‘ఉద్యోగం’ అనే దాన్ని గీసేటప్పుడు శరీరం లేని, పిల్లలు లేని, ఇంటి పని లేని మనిషిని ఊహించుకుంటాయి. అలాంటి మనిషి లోకంలో ఎక్కడా లేడు. ఇంట్లో ఇంకొకరు ఆ పనులన్నీ చేసిపెడుతున్న పురుషుడు మాత్రం దానికి దగ్గరగా ఉంటాడు. కాబట్టి ఆ నమూనా పైకి ఎవరి పక్షమూ కాదన్నట్టు కనిపిస్తూనే పురుషుడి కొలతలకు కుట్టిన చొక్కా అవుతుంది.

ఈ కొలతలు మారవా? అడిగితే మారతాయి. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు గడువులో రెండేళ్ల సడలింపు, 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 2016 యూజీసీ నిబంధనల్లోకి వచ్చాయి. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. రాజస్థాన్‌లో ఒక గ్రామ కార్యకర్తపై జరిగిన అత్యాచారం తర్వాత స్త్రీల సంస్థలు కోర్టు మెట్లెక్కితే వచ్చిన తీర్పు అది. సంస్థ అనేది ప్రకృతి కాదు. మనుషులు గీసింది, మనుషులు చెరిపి మళ్లీ గీయవచ్చు.

అలా మళ్లీ గీసిన స్త్రీలు ఉన్నారు. అదే అహ్మదాబాద్‌లో, 1972లో, ఇలా భట్ నాయకత్వంలో ఇంటి దగ్గర పనిచేసే స్త్రీలు, తలమీద బరువులు మోసే కూలీలు, కూరగాయలు అమ్మేవాళ్లు ‘సేవా’ పేరుతో యూనియన్ పెట్టుకుంటామని వెళ్తే, రిజిస్ట్రేషన్ అధికారులు అడ్డు చెప్పారు. మీకు యజమాని ఎవరు, యజమాని లేకుండా యూనియన్ ఏమిటి అన్నారు. యూనియన్ అంటే యజమానితో కొట్లాడటానికే కాదు, పనిచేసేవాళ్లు ఒకటి కావడానికి కూడా అని ఆ స్త్రీలు వాదించి గెలిచారు. యూనియన్ అనే మాట అర్థాన్నే మార్చారు. ఇది సంస్థల నిర్మాణ శాస్త్రంలో ఏ ఆచార్యుడి సిద్ధాంతానికీ తీసిపోదు. మన వరంగల్‌లో బీడీలు చుట్టే అక్కల్ని అడగండి, ‘మీ యజమాని ఎవరు’ అంటే వాళ్లకు కనిపించేది కమీషన్ దారుడే. ఆ ప్రశ్న ఎంత బరువైందో వాళ్లకు తెలుసు.

మన దగ్గర 1982-83లో డ్వాక్రా వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లాలో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం ఊరూరా స్త్రీలు ఒకటై నిలబడగలరని చూపించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 2000లో వెలుగు మొదలయ్యాక పది పదిహేను మంది సంఘం, దానిపైన గ్రామైక్య సంఘం, ఆపైన మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే అంతస్తులు స్థిరపడ్డాయి. ఈ నిర్మాణం గురించి ఎన్నో నివేదికలు, ఎన్నో పరిశోధన పత్రాలు వచ్చాయి. వాటితో డాక్టరేట్లు, ప్రమోషన్లు, విదేశీ సదస్సులు వచ్చాయి. మంచిదే. కానీ వాటిలో మన అక్కలు ‘లబ్ధిదారులు’గా, ‘సమాచారం ఇచ్చినవాళ్లు’గా ఉన్నారు. రూపకర్తలుగా లేరు.

నేను పరిశోధన చేసిన ఒక ఊళ్లో సంఘం సభ్యులందరూ కూలి స్త్రీలు. పత్తి ఏరే కాలంలో పగటిపూట సమావేశం అంటే ఒకరోజు కూలి పోయినట్టే. అందుకని వాళ్లే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆ మూడు నెలలు సమావేశం రాత్రి తిండ్లయ్యాక, చంటిపిల్ల ఉన్న సభ్యురాలి ఇంట్లో. రాలేనివాళ్లు పొదుపు డబ్బును పక్కింటామెకు ఇచ్చి పంపొచ్చు, కానీ వరుసగా రెండుసార్లు కుదరదు. నాయకురాలి పని ఏడాదికొకరికి వంతు, చదువు రాని సభ్యురాలికి వంతు వస్తే చదువు వచ్చిన సభ్యురాలు తోడు. ఎంత బాగా ఆలోచించారో చూడండి. కూలి, పసిబిడ్డ, నమ్మకం, చదువు - నాలుగింటినీ లెక్కలోకి తీసుకున్నారు. మదింపు చేయడానికి వచ్చిన మనిషి ఫార్మాట్‌లో మాత్రం ‘సమావేశం నిర్ణీత సమయంలో జరిగిందా’ అని ఒక గడి, ‘హాజరు’ అని ఒక గడి ఉన్నాయి. రెండింట్లో మార్కులు పడలేదు. సంఘానికి సి గ్రేడ్ వచ్చింది. గ్రేడ్ తగ్గితే బ్యాంకు లింకేజీ ఆలస్యం. లింకేజీ ఆలస్యమైతే వడ్డీ వ్యాపారి గుమ్మం. ఒక గడి ఎంత దూరం పోతుందో చూశారు గదా.

దీనికి మరో ముఖం 2010లో చూశాం. సూక్ష్మరుణ కంపెనీలు కూడా స్త్రీల గుంపులనే వాడుకున్నాయి. ఒకరి వాయిదా తప్పితే గుంపంతా బాధ్యత, వారం వారం వసూలు. కాగితం మీద అది చక్కటి నమూనా. కానీ పొరుగామెనే పొరుగామె మీద కాపలా పెట్టింది. అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయి, వరంగల్ జిల్లా ఆ బాధ చూసింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. పది మంది స్త్రీలు కలిసి కూర్చోవడం ఒక చోట బలమైంది, ఇంకో చోట ఉరి అయింది. తేడా ఆ నిర్మాణం ఎవరి చేతిలో, ఎవరి ప్రయోజనం కోసం ఉందన్నదే.

అలాగని మనకు ఏ నిర్మాణమూ వద్దు, అందరం సమానం, ఎవరూ నాయకురాలు కాదు అనడం కూడా పరిష్కారం కాదు. అమెరికా స్త్రీవాద ఉద్యమంలో పనిచేసిన జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే దీని గురించి హెచ్చరించారు. నియమాలు లేని బృందంలో అధికారం లేకుండా పోదు, కనిపించకుండా పోతుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు, పట్నంలో ఉన్నవాళ్లు, ఒకరికొకరు స్నేహితులైనవాళ్లు నిర్ణయాలు చేసేస్తారు. ఎవరూ నాయకురాలు కానప్పుడు ఎవర్ని ప్రశ్నించాలో ఎవరికీ తెలియదు. మన స్వచ్ఛంద సంస్థల్లో, చివరికి మన స్త్రీవాద బృందాల్లో కూడా ఇది లేదని చెప్పగలమా? దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలు ఎన్నిసార్లు ఈ మాట మనకు చెప్పాల్సి వచ్చింది?

కాబట్టి నేను మీ ముందు పెట్టే పని స్పష్టంగా చెప్తాను. ఇకనుంచి మన సంస్థకు ఎవరు ఏ నమూనా తెచ్చినా, అది ప్రభుత్వమైనా, నిధులిచ్చే సంస్థ అయినా, విశ్వవిద్యాలయమైనా, నాలాంటి పరిశోధకురాలైనా, మూడు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, ఇది ఎవరి జీవితాన్ని చూసి గీశారు? రెండు, ఇది నడవాలంటే ఎవరి గంటలు ఖర్చవుతాయి, ఆ గంటలకు పట్టికలో గడి ఉందా? మూడు, ఇక్కడ మేం చేసిన మార్పులు మీ నివేదికలో ఎవరి పేరున వస్తాయి? మూడో ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. మదింపు పత్రంలో ‘మీరు చేసుకున్న మార్పు ఏమిటి, ఎందుకు’ అనే గడి పెట్టించండి. ఆ గడి కోసం మండల సమాఖ్యలో తీర్మానం చెయ్యండి.

పరిశోధన చేస్తున్న యువతులకు ఒక మాట. మీ సెలవు, మీ గడువు దయ కాదు, హక్కు. ఇంటర్వ్యూలో అడగకూడని ప్రశ్న అడిగితే తేదీ వేసి రాసి పెట్టుకోండి. ఒంటరి అనుభవంగా మిగిలితే అది గొణుగుడు, పదిమందివి ఒకచోట చేరితే అది సాక్ష్యం. మీ సిద్ధాంత గ్రంథంలో సంఘం స్త్రీలకు కృతజ్ఞతల పేజీలో ఒక వాక్యం రాసి సరిపెట్టకండి. వాళ్లు ఒప్పుకుంటే, ఆలోచన ఎవరిదో లోపలి పేజీల్లో వాళ్ల పేరుతో రాయండి.

చివరగా, మన సంఘాల్లో తీర్మానాల పుస్తకం ఉంటుంది. అందులో ఎంత పొదుపు, ఎంత అప్పు, ఎవరు హాజరు అని రాస్తాం. దానితో పాటు ఇంకొక్క వరస రాయడం మొదలుపెడదాం. ఈ ఏర్పాటు ఎవరికి తోచింది, ఏ కష్టం చూసి తోచింది, ఎలా నడిచింది. రాత్రిపూట సమావేశం పెట్టాలన్న ఆలోచన ఫలానా అక్కది అని ఆ పుస్తకంలో పేరుతో సహా ఉండాలి. కమలా చౌదరి గురించి ఈ రోజు ఇంత చెప్పుకోగలిగామంటే ఆమె రాసిన కాగితాలు కొన్ని మిగిలాయి కాబట్టి. మన అక్కల కాగితాలు ఎవరు మిగులుస్తారు? మనమే. మీ మీ సంఘాల తదుపరి సమావేశంలో ఈ వరస మొదలుపెట్టి, వచ్చే సమావేశానికి ఆ పుస్తకాలు వెంట తీసుకురండి. చదువుకుందాం, వాదించుకుందాం, మన శాస్త్రం అక్కడినుంచి రాసుకుందాం.